ఆరో ప్లంజర్

ఫిబ్రవరి 1

పని: ఆయిల్ పంపుకు ప్లంజర్ అనే కడ్డీ, అది జారే గొట్టం బ్యారెల్. ఒక జత. ఇంతవరకు చేయనిది.

మౌలాలి తన లారీ పంపు విప్పి గోనెసంచిలో పట్టుకొచ్చాడు. ఆరు సిలిండర్ల ఇంజను కాబట్టి పంపులో ఆరు ప్లంజర్లు. ఒక్కోటి ఒక్కో సిలిండరుకు నూనె కొలిచి కొడుతుంది. ఆరోది అరిగిపోయింది. మిగతా ఐదింటితో లారీ చదునులో నడుస్తుంది కాని రెండు టన్నుల సరుకుతో ఘాట్ ఎక్కదు. సరుకు లేకుండా సిగ్నలు గీత దగ్గరి గేటుకు పోయినా లాభం లేదు, ఊరి సరుకు విడత కింద రాసుకోరు.

ఇరవై ఏళ్ళుగా ఈ లారీకి బుష్‌లు, పిన్నులు, వాల్వు గైడ్లు ఇంట్లోనే చేసి ఇస్తున్నాను. వాటిలో కాస్త తేడా వచ్చినా ఇంజను సర్దుకుంటుంది. ఇది సర్దుకోదు. ప్లంజర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు ఎంతంటే, వెంట్రుకను ముప్పై పాయలు చేస్తే అందులో ఒక పాయంత. నా మైక్రోమీటరుకు అంత సన్నం కనపడదు. అందుకని వేరే కొలత పెట్టుకున్నాను. బ్యారెల్ నిలువుగా పట్టుకుని, నూనెలో తడిపిన ప్లంజర్‌ను పైనుంచి వదిలితే తన బరువుకు తానే దిగాలి. దిగేలోపు ఎన్ని అంకెలు లెక్కపెట్టానో అదే సందు కొలత, అంకెలు పెరిగితే సందు తగ్గినట్టు.

ఉక్కు: కిందటి నెల చెరువుగట్టు మీద పడిన డెలివరీ డ్రోను ఇరుసు. గీత దాటి వచ్చిన డ్రోన్లన్నీ సిగ్నలు అందక, దారి తెలియక పడిపోతాయి. ఉక్కు మాత్రం మంచిది.

మాట్లాడిన మనుషులు: ఒకరు.

ఫిబ్రవరి 6

లేత్ మీద ఐదు గంటలు. మధ్యలో రెండుసార్లు ఆగింది. మా ఇంట్లో సోలారు మోటారు ఒక్కటే. లేత్‌కూ, మా ఆవిడ సుంకులు నడిపే పిండిమరకూ అదే బెల్టు. ఊరందరూ మొక్కజొన్నలు, పసుపు, మిరపకాయలు తెచ్చేది లేత్ తిరిగే వేళకే. లేచి బయటికి వెళ్ళి నిలబడ్డాను. సుంకులు నా వంక చూసి, ఉన్న గిరాకీ వరకు ఆడించి మర ఆపింది.

పది గంటలకు, ఇక ఎవరూ బయట ఉండొద్దని ఎండ సైరన్ మోగింది. ఫిబ్రవరిలోనే.

ఫిబ్రవరి 9

ప్లంజర్‌ను బొగ్గుల్లో కాల్చి నూనెలో ముంచి గట్టిపరిచాను. సానపట్టాను. తర్వాత సన్న పేస్టు వేసి చేత్తో రుద్దడం, మూడు రోజులు. కొలత: ఆరు అంకెలు. కిరసనాయిలులో మూడుసార్లు కడిగి, జతగా కూర్చి, నూనె కాగితంలో చుట్టి, దారం కట్టి బల్ల మీద పెట్టాను. ఎప్పటిలాగే మౌలాలి సుంకులు దగ్గర తీసుకుని పోయాడు. ఆ వేళకు నేను వెనక పెరట్లో సానరాయి సరిచేస్తున్నాను.

ఫిబ్రవరి 10

నలభై ఒకటో కిలోమీటరు దగ్గర ప్లంజర్ బిగుసుకుపోయింది. మౌలాలి దాన్ని పంపులోంచి పీకేసి, సరుకు అక్కడే దింపి, ఐదు సిలిండర్ల మీద వెనక్కి వచ్చాడు. ఘాట్ మొదలయ్యేది నలభై ఐదు దగ్గర.

ప్లంజర్ ఒంటి మీద నిలువు గీతలు. గోరుతో గీరితే తెలుస్తున్నాయి. సందు ఎక్కువై అందులో ఏదో నలుసు దూరింది. నాదే తప్పు. ఇంకా బిగువుగా చేయాలి.

ఫిబ్రవరి 11

గేటు నుంచి వైర్‌లెస్‌లో కబురు. మా ఊరిది ఒక విడత తప్పింది. నెలకు మూడు విడతలు: పదో తేదీ, ఇరవయ్యో తేదీ, నెలాఖరు. వరసగా మూడు తప్పితే ఊరిపేరు పక్కన ఖాళీ అని రాసుకుంటారు. తర్వాత జనాన్ని టవర్లకు తరలించడానికి బస్సులు పంపుతారు.

ఇది ఉత్త బెదిరింపు కాదు. సిగ్నలు కంపెనీ గీతను అరవై నాలుగు కిలోమీటర్లు వెనక్కి జరిపిన ఏడేళ్ళలో ఈ అడవిలో నాలుగు ఊళ్ళు ఇలాగే పోయాయి. డ్రైవరు లేని లారీలు గీత దాటి రావు. గేటు దగ్గరున్న ఉప్పు, మందులు, నీళ్ళ ఫిల్టర్లు మనమే పోయి తెచ్చుకోవాలి. దానికి స్టీరింగు ఉన్న లారీ కావాలి. ఉన్నది మౌలాలిది ఒక్కటే. అలా పోయిన కొండపేట కమ్మరి దస్తగిరికి టవరులో పన్నెండో అంతస్తు ఇచ్చారు. ఆకురాయి తీస్తే కింది అంతస్తువాళ్ళు ఫిర్యాదు చేస్తున్నారని ఉత్తరం రాశాడు. ఇప్పుడు కిటికీలోంచి చూస్తుంటాడట. నాకు కిటికీలోంచి చూడటం చేతకాదు.

సుంకులు ఆ ఉత్తరం మళ్ళీ తీసి చదివింది. టవర్లో పిండిమర కూడా పెట్టనియ్యరా అని అడిగింది. పెట్టనియ్యరు అన్నాను.

ఫిబ్రవరి 14

రెండో జత. పిండి దుమ్ము లోపలికి వచ్చి పేస్టులో కలుస్తోందేమోనని అనుమానం. నాలుగు రోజులు మర ఆపమని సుంకులుకు చెప్పాను. ఎందుకని అడగలేదు. ఆపింది. ఊళ్ళోవాళ్ళు గింజలు పట్టుకుని వచ్చి వెనక్కి పోతుంటే గడపలో కూర్చుని చూసింది.

ఫిబ్రవరి 19

కొలత: తొమ్మిది అంకెలు. ఆరు కన్నా బాగా మెరుగు. ఈసారి నాలుగుసార్లు కడిగాను. కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టాను.

ఫిబ్రవరి 20

ఇరవై మూడో కిలోమీటరు.

ఇంతకన్నా రాయబుద్ధి కావడం లేదు.

ఫిబ్రవరి 21

నిన్నటిది ఇప్పుడు రాస్తున్నాను. అవే నిలువు గీతలు, ఇంకా ఎక్కువగా. ప్లంజర్ మీద పసుపు రంగు జిగురు. మొదటిదాని మీదా ఉండింది కాని మసితో కలిసిపోయి తెలియలేదు. ఇది కనుగ నూనె జిగురు, సందేహం లేదు. మా లారీకి డీజిలు లేదు, తిక్కన్న గానుగలో ఆడించే కనుగ నూనే.

తిక్కన్న ఇంటికి వెళ్ళి నూనె సరిగా వడకట్టడం లేదన్నాను. ఐదేళ్ళుగా ఇదే నూనె, మిగతా ఐదు ప్లంజర్లు ఈ నూనె తాగే బతుకుతున్నాయి కదా అన్నాడు. అయినా వడకట్టాలి అన్నాను. అతని పెళ్ళాం ముందరే అన్నాను. మూడు పొరల గుడ్డలో, నేను చూస్తుండగా, నలభై లీటర్లు మళ్ళీ వడకట్టాడు. ఇదేగా నీకు కావలసింది అన్నట్టు చూశాడు.

మాట్లాడిన మనుషులు: ఇద్దరు. ఎక్కువ.

ఫిబ్రవరి 23

మూడో జత. పధ్నాలుగు అంకెలు. ఇంతకన్నా బిగువు నా చేతుల్లో లేదు. వేళ్ళ చర్మం పోయింది. ఐదుసార్లు కడిగాను, కడిగిన కిరసనాయిలు తెల్లగుడ్డలో పోసి చూశాను. మచ్చ లేదు. ఇంత శుభ్రమైన వస్తువు ఈ ఇంట్లోంచి ఎన్నడూ బయటికి పోలేదు.

నెలాఖరు విడత ఐదు రోజుల్లో ఉంది. రేపు ఖాళీ లారీతో తోలి చూడమని మౌలాలికి కబురు పంపాను.

ఫిబ్రవరి 24

తొమ్మిది కిలోమీటర్లు.

నలభై ఒకటి, ఇరవై మూడు, తొమ్మిది. నేను ఎంత బాగా చేస్తే అది అంత త్వరగా చస్తోంది. ముప్పై ఏళ్ళలో ఇలాంటి లెక్క చూడలేదు. లోపం ఉక్కుది అయితే మూడూ ఒకేలా పోవాలి. నూనెది అయితే వడకట్టాక మెరుగవ్వాలి. నా చేతిది అయితే కొలత బాగుపడే కొద్దీ ఎక్కువ దూరం పోవాలి గాని తక్కువ కాదు. పుస్తకం మొత్తం తిరగేశాను. అన్నీ సరిగానే రాసి ఉన్నాయి. సరిగా రాసి ఉండటమే ఒళ్ళు మండిస్తోంది.

సుంకులు అన్నం పెట్టి, ఎన్ని కిలోమీటర్లు పోయిందని అడిగింది. తొమ్మిది అన్నాను. దేవుడి గూట్లో దీపం వెలిగించి చాలాసేపు అక్కడే కూర్చుంది.

ఫిబ్రవరి 25

ఈ రోజు సంగతి వివరంగా రాయాలి.

పొద్దున్నే మౌలాలి లారీ దగ్గరికి నేనే వెళ్ళాను. ఎప్పుడూ వెళ్ళను. నన్ను చూసి అతను టీ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు, ఎవరైనా పోయారేమోనన్నట్టు.

చచ్చిన ప్లంజర్‌ను అక్కడే కిరసనాయిలులో కడిగి, కడిగినదాన్ని తెల్లగుడ్డలో పోశాను. గుడ్డ మీద పసుపుపచ్చ మచ్చ. బూడిద లాంటి సన్న గరుకు కూడా తగిలింది. కనుగ జిగురేనన్నాను. మౌలాలి అప్పుడే ఆకువక్క వేసుకున్నాడు. చూపుడువేలికి సున్నం ఉంది. ఏదీ అంటూ గుడ్డ లాక్కుని మచ్చ మీద వేలు రాశాడు.

మచ్చ ఎర్రబడింది. రక్తం పడ్డట్టు.

ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. ట్యాంకులోని కనుగ నూనె చుక్క గుడ్డకు ఇంకోచోట పూసి, దానికీ సున్నం పెట్టించాను. అది ఎర్రబడలేదు. ఇంకొక చుక్క, ఇంకొకసారి. ఎర్రబడలేదు. సున్నం తగిలితే ఎర్రబడేది మా ఊళ్ళో ఒక్కటే. పసుపు.

పంపులోకి పసుపు ఎట్లా వచ్చిందన్నాను.

మౌలాలి నా మొహంలోకి చూశాడు. "అదేందన్నా, నువ్వు పెట్టే బొట్టేగా."

"నేనెక్కడ పెట్టాను?"

"నువ్వు కాకపోతే ఇంకెవరు పెడతారు? ఇరవై ఏండ్లుగా నీ ఇంట్లోంచి వచ్చిన ప్రతి సామానుకూ ఉండాది. బుష్‌కు, పిన్నుకు, అన్నింటికీ. తుడిస్తే బాగుండదని నేను అట్లనే బిగిస్తా. ఈ ప్లంజర్‌కైతే రోజురోజుకూ పెంచుతుండావే. మొదట ఒక చుక్క. రెండోసారి చుట్టూ పసుపు. మొన్న దేవుడి ఈబూది కూడా. నువ్వు మాట్లాడని మనిషివి, నీ బాధ అట్ల చూపిస్తుండావనుకున్నా."

"ఒక్క మాట అడగకూడదా?"

"నిన్నా? ఇరవై ఏండ్లలో నువ్వు నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఈ టీ గ్లాసు నిండదు. నిన్నేం అడగల్ల?"

నేను పెట్టలేదు. ప్యాకెట్ బల్ల మీద పెట్టి పెరట్లోకి పోతాను. ఆ మధ్యలో ఇంట్లో ఉండేది ఒక్కరే.

బుష్‌లో, పిన్నులో ఆ పసుపు నూనెలో కొట్టుకుపోయేది. వెంట్రుకలో ముప్పయ్యో పాయంత సందులో ఎటూ పోదు. నేను సందు తగ్గించే కొద్దీ ఆమె బొట్టు పెంచింది. ఇద్దరం ఊరు నిలబెట్టాలనే చేశాం. ఇద్దరం కలిసి దాన్ని తొమ్మిది కిలోమీటర్లకు తెచ్చాం.

తొమ్మిదిన్నరకు ఇల్లు చేరాను. సుంకులు మర దగ్గర ఉంది. చెప్పలేదు.

ఫిబ్రవరి 26

నాలుగో జత మొదలుపెట్టాను. బిగువు అక్కరలేదు, తొమ్మిది అంకెలు చాలు. చేతులు పని చేస్తుంటే బుర్ర రెండు దార్లు చూసింది.

ఒకటి: ఏమీ చెప్పకుండా ప్యాకెట్‌ను నేనే తీసుకెళ్ళి మౌలాలి చేతిలో పెట్టడం. సులువు. ఎవరూ బాధపడరు.

రెండు: చెప్పడం.

మొదటిదే చేద్దామని మధ్యాహ్నం వరకు అనుకున్నాను. తర్వాత మౌలాలి టీ గ్లాసు గుర్తొచ్చింది. ముగ్గురం చెప్పకుండానే కదా ఇంత దూరం వచ్చింది.

ఫిబ్రవరి 27

నాలుగో జత అయిపోయింది. తొమ్మిది అంకెలు. దాన్ని కిరసనాయిలు డబ్బాలోనే మూతపెట్టి ఉంచాను.

సుంకులును లేత్ దగ్గరికి పిలిచాను. పెళ్ళయిన ముప్పై ఒక్క ఏళ్ళలో అక్కడికి పిలవడం ఇదే. కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, మోటారు ఆగిపోయిందా అని అడిగింది.

ప్యాకెట్లు విప్పుతున్నావా అన్నాను.

విప్పుతా అంది, దాచేదేమీ లేనట్టు. అన్నీ విప్పుతుందట. మొదటినుంచీ.

"ఎందుకు?"

"ఏం చేసినావో చూద్దామని. నువ్వు చూపియ్యవు గదా. ఆడ రోజులకు రోజులు గీకుతావు, ఏందంటే చెప్పవు. మూట కట్టి బల్ల మీద పెడితే పనైందని నాకు తెలిసేది. అందుకే విప్పి, బొట్టు పెట్టి, దానితో చెప్పి పంపిస్తా."

"ఏం చెప్తావు?"

"పోయి బాగా పని చెయ్యి, మా ఆయన కండ్లు పోగొట్టుకొని చేసినాడు నిన్ను అని. నీతో చెప్తే నువ్వు ఊ అనవు. అది కూడా ఊ అనదు గాని, దానిమీద కోపం రాదు."

సందు కుదరక పక్కన పెట్టిన జత ఒకటి ఉంటే తీసి బ్యారెల్ ఆమె చేతికిచ్చాను. ప్లంజర్‌ను పైనుంచి వదలమన్నాను. లెక్కపెట్టమన్నాను. నాలుగు అంకెలకు దిగింది. అంత ఇనుము అట్లా తేనెలా దిగుతుంటే ఆమెకు నచ్చింది. ఇంకోసారి వదిలి మళ్ళీ లెక్కపెట్టింది. అప్పుడు వేలికి కాస్త పసుపు అద్దుకుని దాని తోక మీద పెట్టి వదలమన్నాను.

సగంలో ఆగింది.

ఊపి చూసింది. కదల్లేదు. బ్యారెల్‌ను వెలుతురుకు ఎత్తి లోపలికి చూసింది. తర్వాత కింద పెట్టింది.

"అయితే మూడుసార్లూ నేనే ఆపినానా?"

"నేను చెప్పలేదు కదా" అన్నాను. ఇంకొంచెం చెప్పాలనిపించింది. ఈ వస్తువు ఎంత సన్నమైన పనో నీకు ముందే చెప్పి ఉంటే నువ్వు పెట్టేదానివి కాదు, నువ్వు పెడతావని నాకు తెలిసి ఉంటే నేను చెప్పేవాణ్ణి, అన్నాను. పేస్టు గురించి, డ్రోను ఉక్కు గురించి, అంకెల గురించి చెప్పాను. ఒకసారి మొదలయ్యాక ఎక్కడ ఆపాలో తెలియలేదు. నీడలో కూర్చుని విన్నది. మధ్యలో ఒకసారి ఏడ్చింది. ఒకసారి నవ్వింది, పిండి దుమ్ము అని మర ఆపించిన చోట.

"నాలుగు దినాలు నా మర ఆపినావే" అంది. "అప్పుడు ఖాళీగా కూర్చుని ఇంకింత పసుపు పెట్టినా."

నాలుగో జత ఆమే కడిగింది. గోళ్ళు తీసుకుని, చేతులు సీకాయతో మూడుసార్లు కడుక్కుని, నాకన్నా నిదానంగా. నేను ఐదుసార్లు కడిగేది ఆమె ఎనిమిదిసార్లు కడిగింది. గుడ్డకు సున్నం రాసి చూసింది. తెల్లగానే ఉంది. కాగితంలో చుట్టి దారం నేను కట్టాను. ముడి మీద ఆమె వేలు పెట్టి పట్టుకుంది.

సాయంత్రం తిక్కన్న ఇంటికి వెళ్ళాను. నూనెలో దోషం లేదు, తప్పు మా వైపుది అన్నాను. మీ వైపు అంటే ఎవరిదన్నాడు. నాది అన్నాను. అతని పెళ్ళాం కూడా వినేలా ఇంకోసారి అనమన్నాడు. అన్నాను. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు.

ఫిబ్రవరి 28

ఐదు గంటలకు లారీ బయలుదేరింది. పంపు నేనే బిగించాను. సరుకు రెండు టన్నులు: చింతపండు, కుంకుళ్ళు, ఉసిరి.

సుంకులు పళ్ళెం పట్టుకుని వచ్చింది. రేడియేటరుకు మూడు బొట్లు పెట్టింది, స్టీరింగుకు ఒకటి. మౌలాలి కిటికీలోంచి తల బయటపెట్టి, వదినా, నా నుదుటికి మాత్రం వద్దు, చెమటకు కారి పంపులో పడిందంటే మీ ఆయన నన్ను లేత్‌కు బిగిస్తాడు అన్నాడు. ఆమె బానెట్ మీద చెయ్యి పెట్టి ఏదో చెప్పింది. ఈసారి పైకే చెప్పింది, నేను విన్నాను. నా పేరు కూడా ఉంది అందులో. రాయను.

ఐదున్నరకు తొమ్మిదో కిలోమీటరు దాటి ఉండాలి. ఆరుంబావుకు ఇరవై మూడు. ఏడుంబావుకు నలభై ఒకటి. తర్వాత ఘాట్. అక్కడ లెక్క వెయ్యడానికి లేదు.

వైర్‌లెస్ గడపలో పెట్టుకుని కూర్చున్నాం. ఆమె మర తిప్పలేదు, నేను లేత్ తిప్పలేదు. వాల్వు గైడు అంటే ఏమిటని అడిగింది. చెప్పాను. ఇరవై ఏళ్ళలో తను బొట్టు పెట్టిన సామాన్లన్నీ ఒక్కోటీ గుర్తుచేసుకుంటూ, అది దేనికి, ఇది దేనికి అని అడిగింది. కొన్ని నాకే గుర్తు లేవు. పుస్తకం తెచ్చి చూసి చెప్పాను.

తొమ్మిదీ నలభైకి గేటు నుంచి కబురు. లారీ చేరింది. సరుకు దించుకున్నారు. విడత రాసుకున్నారు. అటువైపు మనిషికి అది రోజులో వందో మాట, ఆవులిస్తూ చెప్పాడు.

పది గంటలకు సైరన్ మోగింది. లోపలికి వచ్చాం.

మాట్లాడిన మనుషులు: ఒక్కరు. పొద్దున ఐదు నుంచి ఇప్పటిదాకా.

మార్చి 1

ఉదయం ఎనిమిదికి లారీ వచ్చింది. పోనూ రానూ నూట ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. ఉప్పు, మందులు, ఫిల్టర్లు అన్నీ సరిగా ఉన్నాయి. ప్లంజర్ విప్పి చూశాను. ఒంటి మీద ఒక్క గీత లేదు. వదిలితే తొమ్మిది అంకెలకే దిగింది.

మౌలాలి సరుకు దింపుతూ, ఘాట్ ఎక్కుతున్నప్పుడు రెండో సిలిండరు తడబడినట్టు అనిపించిందన్నాడు. ఆ ప్లంజరూ పాతదే కదా అన్నాడు. ఆరూ ఒకే రోజు పుట్టినవి. మూడోది, నాలుగోది, ఐదోది, మొదటిది కూడా అంతే. నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. వేళ్ళకు చర్మం ఇంకా రాలేదు.

ఐదు జతలు చేయాలి. పదో తేదీకి ఒకటైనా కావాలి.

ఎన్ని రోజులు పడుతుందని సుంకులు అడిగింది. చెప్పాను.